ముఖ శస్త్రవైద్యునికి కొలువెక్కడ?



విజయవాడలో బెంజి సర్కిలు దాటి, కంకిపాడు మీదుగా ఉయ్యూరు చేరి, అక్కడినుండి పామర్రు పొలముల నడుమగా మచిలీపట్నము వరకు పోవు సుమారు 70 కిలోమీటర్ల దారి మన ప్రాంతపు వారికి తరతరములుగా బందరు రోడ్డు. ప్రభుత్వపు లెక్కలలో అది పుణె నగరమున మొదలై సముద్రతీరమున ముగియు 65వ నంబరు జాతీయ రహదారికి తుది భాగము. 1941లో ఉయ్యూరున కె.సి.పి. చక్కెర కర్మాగారము వెలసిన నాటినుండి, చెరకు కోతల కాలము వచ్చినదనగా ఈ దారికి వేరొక రూపము కలుగుచుండును. ఎడ్లబండ్ల రోజులు పోయి ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట, తొట్టికి ఇరువైపుల గడలు పొడుచుకొని వచ్చునంత బరువెత్తుకొని, వెనుక దీపమైనను లేకుండ, అర్ధరాత్రి దాటినను చెరకు బండ్లు వరుసగా సాగుచునే యుండును. మాఘమాసమున ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్ళు పదునైదు దినములు జరుగునప్పుడు, చుట్టుప్రక్కల గ్రామముల యువకులు ఒక్కొక్క మోటారు సైకిలు మీద ఇద్దరేసి, ముగ్గురేసి చొప్పున తల్లి దర్శనమునకు తరలివత్తురు. అట్టి రాత్రి, తలకు హెల్మెట్టు లేని కుర్రవాడొకడు ముందు నిలిచియున్న బండిని గమనింపక గ్రుద్దుకొనినచో, చేతులు హ్యాండిలును విడువక ముందే, కాళ్ళు నేలను తాకక ముందే, ముఖము పోయి ఇనుమునకు తగులును.

2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రములో ఆరంభమైన 108 వాహనము వచ్చి, ఆ బాలుని దగ్గరలోని ఆసుపత్రికి చేర్చును. అచ్చట డ్యూటీ డాక్టరు రక్తస్రావము నాపి, ఊపిరి సరిగా నాడుచున్నదో లేదో చూచి, తలకు సి.టి. స్కాన్ తీయించి, మెదడునకు ముప్పు లేదని నిర్ధారించుకొనును. తొడ విరిగినచో ఎముకల వైద్యునికి కబురు పోవును. కడుపులో దెబ్బ తగిలినచో జనరల్ సర్జను వచ్చును. మరి క్రింది దవడ రెండు తునకలై, పై దవడ కదలి, చెంప ఎముక లోనికి క్రుంగి, నోరు మూయరాక చొల్లుతోను రక్తముతోను ఆ పిల్లవాడు కూర్చుండలేక పండుకొనలేక యున్నప్పుడు పిలువవలసిన వైద్యుడెవ్వరు? ఆయన ఎక్కడ నివసించుచున్నాడు? ఆయనకు జీతమిచ్చి నిలుపుకొనువారెవరు? ఈ విద్యను బోధించుటలో జీవితములో పెక్కు సంవత్సరములు గడపినవాడనగుటచే, ఈ ప్రశ్నను మీ ముందుంచుటకు ఆకాశవాణి వారిచ్చిన అవకాశమును కృతజ్ఞతతో స్వీకరించుచున్నాను.

ఆ వైద్యుని లోకము మాక్సిల్లోఫేషియల్ సర్జన్ అనుచున్నది. మనము నోరు, దవడ, ముఖముల శస్త్రవైద్యుడనియో, క్లుప్తముగా ముఖ శస్త్రవైద్యుడనియో అనుకొందము. మన దేశమున ఈయన దంతవైద్య కళాశాల ద్వారముననే లోనికి ప్రవేశించును. బి.డి.ఎస్. ఐదేండ్లు, అందు తుది యేడు ఆసుపత్రి సేవ; ఆపైన జాతీయ ప్రవేశ పరీక్షలో ర్యాంకు సంపాదించి ఎం.డి.ఎస్. మూడేండ్లు. బ్రిటనులో ఈ విద్యను అభ్యసింపగోరువారు దంతవైద్యము, సామాన్య వైద్యము అను రెండు పట్టములను సాధింపవలెను. అమెరికాలో దంతవైద్య పట్టము పిమ్మట నాలుగేండ్ల శిక్షణమో, వైద్య పట్టముతో కలిపి ఆరేండ్ల శిక్షణమో పొందవలెను. 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో దేశమునకు మొదటి దంతవైద్య కళాశాలను నెలకొల్పిన నాడు విద్యార్థులు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది. నేడు దేశములో 300లకు పైగా కళాశాలలున్నవి. మన రాష్ట్రమున ప్రభుత్వ కళాశాలలు విజయవాడలోను కడపలోను ఉండగా, గన్నవరము దగ్గర, గుంటూరు ప్రక్క తక్కెళ్ళపాడున, ఏలూరున, భీమవరమున ప్రయివేటు కళాశాలలు వెలసినవి. కృష్ణా, గోదావరి డెల్టాలలో పుట్టిన బాలిక గాని బాలుడు గాని ఈ విద్యను ఇంటికి దూరము పోకయే అభ్యసింపగల రోజులు వచ్చినవి. అభ్యసించిన పిమ్మట ఏమి జరుగుచున్నదో చెప్పుటకు ముందు, ఈ విద్య యొక్క సారమును రెండు మాటలలో వివరింపవలసి యున్నది; అది తెలియనిదే కొలువు లేని లోటు ఎంతటిదో అర్థము కాదు.

క్రింది దవడ మన తిరగలిలో తిరుగు రాయి వంటిది; అది ఇరుసు తప్పి వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినను గింజ నలుగదు. విరిగిన తొడ ఎముకను అతికించువారు కాలు నిటారుగా వచ్చినదా యని చూతురు. విరిగిన దవడను అతికించువారు ఎముక అంచులు కలిసినంత మాత్రమున తృప్తి పొందరాదు. పై పళ్ళ గుంటలలో క్రింది పళ్ళ మొనలు మునుపటి వలెనే వచ్చి కూర్చుండినవో లేవో చూడవలెను. ఆ పళ్ళ పొందికను గూర్చి సంవత్సరములకొలది చదివి, మైనముతో పళ్ళు చెక్కి, వేలకొలది నోళ్ళను పరీక్షించినవాని కన్ను దానిని పట్టుకొన్నట్లు వేరొకరి కన్ను పట్టుకొనజాలదు. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికినదని రోగిని ఇంటికి పంపివేయగా, ఆరు మాసములు గడచిన పిమ్మట అతడు వచ్చి, "అయ్యా, అన్నం నమలలేకపోతున్నానండీ, ముందు పళ్ళు కలవటం లేదు, వెనక పళ్ళు మాత్రమే తగులుతున్నాయి" అని వాపోవుట మా వంటి వారు తరచుగా వినుచుండునదే. అప్పుడా యెముకను మరల విరుగగొట్టి అతికింపవలసి వచ్చును.

ఈ విద్య చరిత్రను చూచినచో, 1901లో రెనే లె ఫోర్ అను ఫ్రెంచి వైద్యుడు మృతదేహముల ముఖములపై దెబ్బలు కొట్టి, పై దవడ ఏయే రేఖల వెంట విరుగునో కనిపెట్టెను. నేటికిని ప్రపంచమంతట వైద్యులు ఆ పగుళ్ళను ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. కాని ఈ వృత్తికి నిజముగా పుట్టినిల్లు మొదటి ప్రపంచయుద్ధపు కందకములు. కందకములో దాగిన సైనికుని దేహమంతయు మట్టిలో నుండగా ముఖము మాత్రము పైకి లేచుటచే, ముఖములు చితికినవారు వేలకొలది ఆసుపత్రులకు చేరిరి. ఇంగ్లండులోని సిడ్‌కప్పున 1917లో ఇందుకొరకే ప్రత్యేకముగా ఆసుపత్రి వెలసినది. అచ్చట హరాల్డ్ గిల్లీస్ అను శస్త్రవైద్యుడు దంతవైద్యులను ప్రక్కన నిలుపుకొని పనిచేసెను. ఆ కాలపు వైద్యులలో నా మనస్సునకు అత్యంత సన్నిహితుడు వరజ్‌తాద్ కజంజియన్. ఆయన 1879లో తురుష్క సామ్రాజ్యమున ఆర్మీనియన్ కుటుంబములో జన్మించి, 1895లో, ఇంకను బాలుడై యుండగా, అమెరికా చేరి, వూస్టర్ పట్టణములో ఇనుప తీగల కర్మాగారమున కూలిపని చేసెను. పగలు పనిచేసి తీరిక వేళల చదువుకొని, 1905లో హార్వర్డు దంతవైద్య పట్టము నందెను. 1915లో హార్వర్డు వైద్య బృందముతో ఫ్రాన్సు దేశమునకు పోయి, చితికిన దవడలను పళ్ళకు తీగలు కట్టి నిలుపుటలో అసాధారణ ప్రజ్ఞను చూపెను. కర్మాగారములో తీగను వంచిన ఆ వ్రేళ్ళకు ఈ పని క్రొత్తది కాదు. యుద్ధము ముగిసి తిరిగి వచ్చిన పిమ్మట దంతవైద్యుడను పేరుతో పెద్ద శస్త్రచికిత్సలు చేయుట కష్టమని గ్రహించి, నలుబది యేండ్ల వయస్సున మరల విద్యార్థియై, 1921లో వైద్య పట్టమును కూడ సాధించెను. 1941లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్లాస్టిక్ సర్జరీ ఆచార్యుడయ్యెను. యుద్ధభూమిలో ఎవరును పట్టము లడుగలేదు, అవసరమే ఆయనకు కొలువిచ్చినది. శాంతికాలమున ఆసుపత్రి ద్వారము వద్ద పట్టము చూపవలసి వచ్చినది. ఆ రెండవ పరిస్థితియే నేటి మన యువ శస్త్రవైద్యునిది.

విజయవాడలో నేడు ఎం.డి.ఎస్. ముగించిన యువకుని దినచర్య ఇట్లుండును. ఉదయము ఒక దంతవైద్యశాలలో జ్ఞానదంతము తీయుట. మధ్యాహ్నము నగరమున ఆ కొసనున్న మరియొక దంతవైద్యశాలలో ఇంప్లాంటు బిగించుట. సాయంకాలము తెనాలిలోనో గుడివాడలోనో ఇంకొకటి. పరికరముల పెట్టె ఆయనదే, డ్రిల్లు ఆయనదే, పెట్రోలు ఖర్చు ఆయనదే; రోగి యిచ్చిన ఫీజులో ఒక భాగము మాత్రము ఆయనకు ముట్టును. విజిటింగ్ కన్సల్టెంటు అనునది ఈ పనికి గల పేరు. రాత్రి పూట ఏదేని కార్పొరేటు ఆసుపత్రినుండి దవడ విరిగిన రోగి వచ్చినాడని ఫోను వచ్చినచో, అది ఆయన చదివిన చదువునకు తగిన పని; అట్టి ఫోను ఏ వారమున వచ్చునో, ఏ మాసమున రాదో చెప్పుటకు లేదు. నెలకు నియతముగా జీతమిచ్చు స్థానమేదని వెదకినచో, మొదట కనబడునది దంతవైద్య కళాశాలలోని సీనియర్ లెక్చరరు ఉద్యోగము. అచ్చట ఖాళీలు కొన్ని, అర్హులు ఎందరో; ఏటేటా క్రొత్త పట్టభద్రులు ఆ వరుసలో వచ్చి నిలుచుచునే యున్నారు.

ఉయ్యూరు ప్రక్క గ్రామమున ఒక పెద్దాయన తన తమ్ముని కుమారుని, "ఏరా అబ్బాయీ, ఎనిమిదేళ్ళు చదివావు గదా, ఇంతకీ నువ్వు పళ్ళు పీకే డాక్టరువా, ఆపరేషన్లు చేసే డాక్టరువా?" అని అడుగగా నేను వింటిని.

"రెండూ చేస్తాను పెదనాన్నా."

"మరి మన ఉయ్యూర్లోనే పెట్టకూడదుటరా ఆసుపత్రి? బోర్డు మీద పేరు చూసుకుని మేమూ మురుస్తాం గదా."

"నేనొక్కణ్ణీ గది తీసుకుని కూర్చుంటే చాలదు పెదనాన్నా. మత్తు డాక్టరు కావాలి, థియేటరు కావాలి, ఆపరేషనైన రాత్రి పేషెంటు దగ్గర నర్సు ఉండాలి. అవన్నీ ఉన్న ఆసుపత్రిలో నాకు కుర్చీ లేదు. కుర్చీ వేసుకోగల చోట అవి లేవు."

ఆ యువకుని మాటలలో నిష్ఠురము లేదు. ఉన్న స్థితిని ఉన్నట్లు చెప్పినాడు. దంతవైద్యునికి ఒక కుర్చీ, ఒక గది ఉన్నచో జీవనము సాగును. కంటి వైద్యుడు పట్టణమున చిన్న ఆసుపత్రి స్వయముగా నడుపుకొనగలడు. ముఖ శస్త్రవైద్యుడు మాత్రము ఇతరుల ఇంటిలో తప్ప పనిచేయలేని పనివాడు. అందుచేత ఆయనకు కొలువు దొరకుట ఆయన ప్రజ్ఞపైన కంటె ఆ ఇంటి యజమాని తెలివిపైన ఆధారపడియున్నది.

ఆ యజమానులలో పెక్కురకు ఈ వైద్యుడు చేయగల పని యేదో తెలియదు. ముఖము మీద మూడు శాఖల వారికి హక్కు కలదు: ప్లాస్టిక్ సర్జను, చెవి ముక్కు గొంతు వైద్యుడు, మన ముఖ శస్త్రవైద్యుడు. చెంప తెగినచో మొదటివారును, ముక్కు విరిగినచో రెండవవారును చక్కగా చేయుదురు, ఇందు సందేహము లేదు. మూడవవాని పేరు క్యాజువాలిటీ గోడ మీది జాబితాలో లేనప్పుడు డ్యూటీ డాక్టరు మొదటి యిద్దరిలో ఎవరినో పిలుచును. వారును ఊరిలో లేనప్పుడు గడ్డమునకు గుడ్డ కట్టి గుంటూరునకో హైదరాబాదునకో పంపివేయును. ప్రభుత్వ పక్షమున సామాజిక ఆరోగ్య కేంద్రములందును ప్రాంతీయ ఆసుపత్రులందును డెంటల్ అసిస్టెంట్ సర్జన్ అను పోస్టు కలదు. ఆ స్థానమున ఎం.డి.ఎస్. చదివిన శస్త్రవైద్యుడు చేరినను, ఆయనకు దొరకునది పళ్ళు తీయు కుర్చీయే గాని శస్త్రచికిత్సా గృహములో వారమునకొక దినము కాదు. విద్యనిచ్చుటకు ఎనిమిది సంవత్సరములు వ్యయము చేసిన సంఘము, ఆ విద్యను వినియోగించుకొనుటకు వారమునకొక పూట థియేటరు బల్లను చూపలేకపోవుట నాకు మిక్కిలి బాధాకరముగా తోచుచున్నది.

ఇచ్చట నా అభిప్రాయమును సూటిగా చెప్పెదను. ఈ శాఖకు సంబంధించిన రోగములలో అత్యధికము నిలకడగా ఒక్కచోట నుండు వైద్యుని కోరుచున్నవి; మన ఏర్పాటులలో కూడు దొరకునది మాత్రము ఊరూర తిరుగు వైద్యునికే.

ఉదాహరణకు, నాలుగేండ్ల బిడ్డ అరుగు మీదినుండియో మంచము మీదినుండియో గడ్డము నేలకు తగులునట్లు పడినదనుకొనుడు. గడ్డము క్రింద చిన్న గాయము. దగ్గరలోని వైద్యుడు రెండు కుట్లు వేసి పంపును. తల్లిదండ్రులు నిశ్చింతగా నిద్రింతురు. ఆ దెబ్బ దవడ వెంట పైకి పోయి, చెవి ముందరనున్న సన్నని కీలులో ఎముకను విరిచినదని ఎవరును గమనింపరు, ఏలయన అచ్చట వాపు స్వల్పము, బిడ్డ రెండు దినములలో ఆటలాడుకొనును. క్రమక్రమముగా నోరు తెరచుట తగ్గిపోవును. కొన్ని సంవత్సరములు గడచునప్పటికి కీలు ఎముకగా గడ్డకట్టి దవడ పట్టుకొనిపోవును. ఇడ్లీ తునక కూడ పళ్ళ సందున త్రోసి చప్పరింపవలసి వచ్చును. క్రింది దవడ ఎదుగక గడ్డము లోనికి పోవును. నిద్రలో నాలుక వెనుకకు జారి గురక, ఊపిరాడకపోవుట కలుగును. అప్పటి శస్త్రచికిత్స కఠినమైనది: నోరు తెరువరాని బిడ్డకు మత్తిచ్చుటయే ఒక పరీక్ష, ముక్కు గుండ సన్నని అంతర్దర్శక నాళముతో శ్వాసమార్గమును వెదకి గొట్టము వేయగల మత్తు వైద్యుడు కావలెను. శస్త్రచికిత్స ముగిసిన పిమ్మట మాసముల తరబడి ప్రతిదినము ఏడ్చు బిడ్డ చేత నోరు తెరిపించు వ్యాయామము చేయింపవలెను. దానిని ఉపేక్షించినచో కీలు మరల గడ్డకట్టును. ఆదివారము నాడు వచ్చి ఆపరేషను చేసి సోమవారము వేరొక ఊరికి పోవు వైద్యుడు, ఎంతటి నేర్పరి యైనను, ఈ తల్లికి ఏమి సహాయము చేయగలడు?

గ్రహణమొర్రితో పుట్టిన శిశువు సంగతి ఇంకను దీర్ఘమైనది. గ్రహణము నాడు గర్భవతి వెలుపలికి వచ్చుటచే ఇట్లు జరిగినదని మన పల్లెలలో నేటికిని ఆ తల్లినే నిందింతురు. శాస్త్రమున దానికి ఆధారము లేదు, గర్భమున తొలి మాసములలో పెదవి భాగములు కలియకపోవుటయే కారణము. పెదవిని మూడు నుండి ఆరు మాసముల లోపల, అంగిలిని ఏడాది ప్రాంతమున కుట్టుదురు. కథ అంతటితో ముగియదు. మాటలు వచ్చునప్పుడు ముక్కుతో పలుకుచున్నదేమో చూడవలెను. కోరపన్ను వచ్చుటకు ముందు, ఎనిమిది పదేండ్ల నడుమ, చిగురు చీలికలో తుంటి ఎముకనుండి కొంత తెచ్చి నింపవలెను. ఎదుగుదల ముగిసి పదునెనిమిదవ యేడు వచ్చినప్పుడు వెనుకబడిన పై దవడను ముందునకు జరుపవలసి వచ్చును. ఒక్క బిడ్డకు పదునెనిమిది సంవత్సరముల పాటు వైద్యుడు కావలెనన్న మాట. 2007లో మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవగా సాగుచున్న ఆరోగ్యశ్రీ పథకము గాని, స్మైల్ ట్రైన్ వంటి ధర్మసంస్థలు గాని శస్త్రచికిత్స ఖర్చును భరించుట వలన ఎన్నో పేద కుటుంబములు ఒడ్డున పడినవి. హైదరాబాదులో డాక్టర్ గోస్లా శ్రీనివాసరెడ్డి ఈ పని ఒక్కటే ప్రధానముగా పెట్టుకొని ఆసుపత్రి నడుపుచున్నారు. ముఖ శస్త్రవైద్యుడు ఒక్కచోట స్థిరపడినచో ఎంతటి పని జరుగగలదో చూడగోరువారు అచ్చట చూడవచ్చును.

2021 వేసవిని మనమెవ్వరము మరువజాలము. కరోనా రెండవ ఉద్ధృతిలో ప్రాణములతో బయటపడి, చక్కెర వ్యాధి కలిగి, స్టెరాయిడ్ మందులు వాడినవారిలో కొందరకు బ్లాక్ ఫంగస్ సోకినది. ముక్కులోనుండి ప్రక్క గదులలోనికి, అచ్చటినుండి అంగిలికి, కంటి గూటికి, తుదకు మెదడునకు ప్రాకునట్టి శిలీంధ్రమది. అది త్రోవలోని రక్తనాళములను మూసివేయుటచే ఎముక నల్లబడి చచ్చును. మన ప్రభుత్వము ఆ మే మాసముననే దానిని ఆరోగ్యశ్రీలో చేర్చినది. ఆంఫోటెరిసిన్ ఇంజక్షను కొరకు బంధువులు నగరములన్నిట తిరిగిరి. మందుతో పాటు చచ్చిన ఎముకను తొలగింపకున్న రోగి బ్రదుకడు కావున, అంతవరకు జ్ఞానదంతములు తీయుచున్న యువ శస్త్రవైద్యులు చెవి ముక్కు గొంతు వైద్యుల సరసన నిలిచి పై దవడలను తొలగించిరి. సంక్షోభము గడచినది, వారు మరల తమ పెట్టెలతో దంతవైద్యశాలల వెంట తిరుగ నారంభించిరి. కాని బ్రదికిన రోగుల సంగతి? పై దవడ పోయినవానికి త్రాగిన మజ్జిగ ముక్కులోనుండి వచ్చును, మాట ఎదుటివానికి తెలియదు. వారికి కృత్రిమముగా అంగిలిని అమర్చవలెను, చెంప ఎముకలోనికి పొడవాటి ఇంప్లాంట్లు దింపి పళ్ళు నిలుపవలెను, ఏటేటా చూచుచుండవలెను. ఈ పని నేటికిని మిగిలియున్నది. చేయగలవారు మన జిల్లాలోనే యున్నారు.

ఉద్యోగము వెదకుకొను యువతీయువకులు అడుగునది స్పష్టమైన త్రోవ కావున, తెలిసినంతవరకు చెప్పెదను. ప్రభుత్వ కళాశాలలలో అసిస్టెంటు ప్రొఫెసరు స్థానములకును, ఆసుపత్రులలోని దంతవైద్య స్థానములకును వెలువడు ప్రకటనలను విడువక చూచుచుండవలెను. సైన్యములో 1941లో ఏర్పడిన ఆర్మీ డెంటల్ కోర్ కలదు. దేహదార్ఢ్యము, దేశసంచారమునందు ఆసక్తి కలవారికి అది గౌరవప్రదమైన కొలువు. విదేశములకు పోదలచినవారు ఒక సంగతి ముందే ఎరిగియుండవలెను: మన ఎం.డి.ఎస్. పట్టముతో బ్రిటనులో గాని అమెరికాలో గాని నేరుగా ముఖ శస్త్రవైద్యుడై నిలుచుట సాధ్యము కాదు. అమెరికా పోయిన మన తెలుగు దంతవైద్యులలో పెక్కురు అచ్చటి కళాశాలలో మరల రెండు మూడేండ్లు చదివి సామాన్య దంతవైద్యులై సుఖముగానే యున్నారు. శస్త్రచికిత్స యందే మనస్సు నిలిపినవారికి మాత్రము అది తిరిగి మొదటి మెట్టునుండి ఎక్కుట. ఈ లెక్క వేసుకొనక విమానమెక్కి, అచ్చట బాధపడినవారి ఉత్తరములు నేను చదివియున్నాను.

ఇచ్చటనే నిలువదలచినవారికి నేను చెప్పు మొదటి మాట, పట్టము పుచ్చుకొనిన యేడే ఊరూర తిరుగుటకు పూనుకొనవలదని. ఒకటి రెండేండ్లు నోటి క్యాన్సరులోనో, గ్రహణమొర్రిలోనో, ముఖపు దెబ్బలలోనో ఒకదానియందు పెద్ద ఆసుపత్రిలో ఫెలోషిప్పు చేయుట మేలు. మన కోస్తాలో చుట్ట, ఖైనీ, గుట్కాల వలన నోటి పుండ్లతో వచ్చువారికి కొదువ లేదు. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతముల పల్లెలలో చుట్ట కాలుచున్న కొసను నోటిలో నుంచుకొను అడ్డపొగ అలవాటు వలన స్త్రీలకు అంగిలిలో క్యాన్సరు వచ్చుట ప్రపంచ వైద్య గ్రంథములకు ఎక్కిన విషయము. రెండవ మాట, క్యాజువాలిటీలో రాత్రి మేలుకొనియుండు డ్యూటీ డాక్టర్లతో పరిచయము పెంచుకొనుట. ఆసుపత్రి యజమానిని సూటు వేసుకొని కలిసినంత మాత్రమున పని రాదు. దవడ విరిగినదని ఎట్లు గుర్తింపవలెనో, రోగిని ఏ ప్రక్కకు పండుకొనబెట్టవలెనో, పళ్ళు కలిసినవో లేవో ఎట్లు చూడవలెనో ఆ చిన్న డాక్టర్లకు ఒక సాయంకాలము ఓపికగా బోధించినచో, మరునాటి రాత్రినుండి వారే ఫోను చేయుదురు. మూడవది, మంచి మత్తు వైద్యుని స్నేహము. ముఖ శస్త్రచికిత్సలో రోగి శ్వాసమార్గము, మన కత్తి ఒక్క చోటనే పనిచేయవలసి యుండుటచే, నోటిలో గాక ముక్కులో గొట్టము వేయుట వచ్చిన మత్తు వైద్యుడు లేనిదే మన విద్య అంతయు పుస్తకములోనే యుండును. ప్రతి రోగికి ముందు వెనుకల ఛాయాచిత్రములను, స్కానులను, ఆరు మాసముల పిమ్మటి ఫలితమును రోగి అనుమతితో ఒక పుస్తకమున భద్రపరచుకొనువారికి, కొలువడుగు దినమున ధ్రువపత్రముల దొంతర కంటె ఆ పుస్తకము ఎక్కువ సహాయము చేయును. ఈ వృత్తిలోనికి వచ్చుచున్న ఆడపిల్లలు నేడు ఎందరో కలరు. రాత్రి ఫోనులకు ఆడ డాక్టరు రాగలదా యని సందేహించు ఆసుపత్రులవారు, కాన్పుల కొరకు రాత్రులు మేలుకొనుచున్న స్త్రీ వైద్యులు తమ ఆవరణములోనే యున్న సంగతిని ఏల మరచుచున్నారో నాకు తెలియదు.

ఇంక మిగిలినది ఏర్పాటును గూర్చిన మాట. బందరు రోడ్డుకు ఒక కొసన విజయవాడ పెద్దాసుపత్రి, దంతవైద్య కళాశాల ఉన్నవి. రెండవ కొసన మచిలీపట్నములో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. నడుమ ఉయ్యూరు. ఈ ప్రాంతపు చిన్న ఆసుపత్రులలో ఏ ఒక్కటియు ముఖ శస్త్రవైద్యునికి నెల జీతమిచ్చి ఒంటరిగా నిలుపుకొనజాలదు, ఏలయన ఒక్కచోట అంత పని రాదు. ఉయ్యూరు, గుడివాడ, పామర్రులలోని ఆసుపత్రులవారు కూడబలుకుకొని, నెలకు కొంత నియత వేతనమును తలాకొంత వేసుకొని, శస్త్రచికిత్సకు వేరుగా ఫీజు నిర్ణయించి, ఒక వైద్యుని ఈ మూడు ఊళ్ళకు కలిపి నియమించుకొనవచ్చును. ఆయన ఈ మూడింటిలో ఒక ఊరిలో కాపురముండవలెను. వారములో ఏ దినము ఏ ఆసుపత్రిలో నుండునో బోర్డు మీద వ్రాయవలెను; తక్కిన రాత్రులు ఏ ఆసుపత్రినుండి ఫోను వచ్చినను పోవలెను. టైటానియం ప్లేట్లు, స్క్రూలు, డ్రిల్లు వైద్యుని పెట్టెలో గాక ఆసుపత్రి సామగ్రిగా, శుద్ధిచేసి సిద్ధముగా నుండవలెను. 1970ల దశకమున స్ట్రాస్‌బర్గ్ వైద్యుడు షాంపీ నేర్పిన పద్ధతిలో ఈ చిన్న ప్లేట్లను బిగించినచో, పళ్ళకు తీగలు కట్టి నెలా పదునైదు రోజులు నోరు మూసియుంచవలసిన బాధ తప్పి, రోగి కొలది దినములలో మెత్తని అన్నము తిని పనిలోనికి పోగలడు. కూలికి పోవు కుటుంబమునకు ఈ తేడా నెలన్నర తిండి గింజలతో సమానము.

ప్రభుత్వమువారికి నా విన్నపము ఇంతకంటె చిన్నది. మచిలీపట్నపు బోధనాసుపత్రిలో దంతవైద్య స్థానమునకు ప్రకటన వెలువడునప్పుడు, అందు ముఖ శస్త్రచికిత్సలో ఎం.డి.ఎస్. అను అర్హతను స్పష్టముగా వ్రాయవలెను. ఆ స్థానమున చేరినవారికి శస్త్రచికిత్సా గృహములో వారమునకు ఒక పూర్తి దినమును, క్యాజువాలిటీ పిలుపుల జాబితాలో పేరును కల్పించుచు ఉత్తరువు నీయవలెను. పోస్టు క్రొత్తగా సృష్టింపనక్కరలేదు, ఉన్నదానికి పని నిర్ణయించిన చాలును. ఈ కోరికను జిల్లా ఆసుపత్రి అభివృద్ధి సంఘముల సమావేశములలో ప్రస్తావింపవలసినవారు మన ఊరి పెద్దలు. దరఖాస్తు వ్రాసి వారి చేతికీయవలసినవారు ఈ విద్య చదివిన యువకులు. అట్టి దరఖాస్తు వ్రాయుటకు నా సహాయము కోరువారికి సంతోషముతో చేసి పెట్టెదను.